ఆ పిల్లాడికి తెలిసిందా?

2008 దసరా సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు నా బ్యాగులో నాలుగు జతల బట్టలు, ఒక లాప్‌టాప్, ఆ లాప్‌టాప్‌లో 26 ఎపిసోడ్ల జపనీస్ యానిమే, అంటే కదిలే బొమ్మల సీరియల్ ఒకటి ఉన్నాయి. హాస్టల్లో ఒక సీనియర్ అక్క దగ్గర్నుంచి పెన్‌డ్రైవ్‌లో విడతలు విడతలుగా తెచ్చుకున్నాను. పేరు ఔరాన్ హైస్కూల్ హోస్ట్ క్లబ్. అప్పటికే రెండుసార్లు చూసేశాను. మూడోసారి చూద్దామని అరుగు మీద కూర్చుంటే, అమ్మమ్మ చిక్కుడుకాయల చేట పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏంటే అది? బొమ్మల సినిమానా?"

"అలాంటిదే అమ్మమ్మా."

"ఆ కళ్ళజోడు పిల్లాడు ఎవరు?"

"పిల్లాడు కాదు. పిల్ల."

ఈనెలు తీస్తున్న చెయ్యి ఆగింది. చేట పక్కన పెట్టి, స్క్రీన్ మీదికి వంగి ఓ నిమిషం చూసింది.

"అవునే, పిల్లే. కళ్ళు చెబుతున్నాయిగా. మొదట్నించీ పెట్టు."

అలా ఆ సెలవుల్లో రోజూ సాయంత్రం రెండేసి ఎపిసోడ్లు. బొమ్మలు జపనీస్‌లో మాట్లాడేవి, కింద ఇంగ్లీషులో అక్షరాలు పడేవి, నేను తెలుగులో చెప్పేదాన్ని. అమ్మమ్మకి నా అనువాదం ఆలస్యమైతే చిరాకు. "ఏమన్నాడు, ఏమన్నాడు" అని మోచేత్తో పొడిచేది.

చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్పాలి. దీనికి మూలం బిస్కో హతోరి గీసిన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ. 2002లో లాలా అనే పత్రికలో మొదలై 2010 దాకా నడిచింది. మొత్తం 18 సంపుటాలు. మధ్యలో 2006లో బోన్స్ అనే స్టూడియో దాన్ని యానిమేగా తీసింది. ఔరాన్ అన్నది కోటీశ్వరుల పిల్లలు చదివే బడి. అందులోకి స్కాలర్‌షిప్ మీద ఒక మామూలు ఇంటి పిల్ల వస్తుంది, పేరు హరుహి ఫుజియోకా. ప్రశాంతంగా చదువుకోవడానికి చోటు వెతుక్కుంటూ మూడో సంగీతం గది తలుపు తీస్తుంది. లోపల్నుంచి గులాబీ రేకులు ఎగిరొస్తాయి. అక్కడ ఆరుగురు అబ్బాయిలు బడిలోని అమ్మాయిలకి టీ ఇచ్చి, తియ్యటి కబుర్లు చెప్పి కాలక్షేపం చేయించే క్లబ్ ఒకటి నడుపుతుంటారు. కంగారులో హరుహి చెయ్యి తగిలి ఒక పాత కాలపు పూలకూజా పగిలిపోతుంది. ఖరీదు 80 లక్షల యెన్‌లు. ఆ బాకీ తీర్చడానికి మొదట అడ్డమైన పనులూ చేస్తుంది. తర్వాత కళ్ళజోడు తీసి చూసేసరికి ముఖం బాగుందని హరుహిని కూడా క్లబ్‌లో ఒక 'అబ్బాయి'గా కూర్చోబెడతారు. ఆ పిల్ల అమ్మాయి అని వాళ్ళలో ఒక్కొక్కరికే తెలుస్తుంది. యానిమేలో తెలిసిన ప్రతిసారీ ఒక బల్బు వెలుగుతుంది. అన్నిటికన్నా ఆఖరున వెలిగేది క్లబ్ నాయకుడు తమాకిది.

నవ్వించడానికి రాసిన కథే. పేజీ నిండా పువ్వులు, మెరుపులు, పెద్ద పెద్ద కళ్ళు. అయినా నేను దాన్ని నవ్వుకోవడానికి మాత్రమే చూడలేదు. ఎందుకో చెప్పాలంటే 2000 సంవత్సరం ఎండాకాలానికి వెళ్ళాలి.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఏడో తరగతి పరీక్షల ముందు పచ్చకామెర్లు వచ్చి బాగా చిక్కిపోయాను. తగ్గితే తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ కొండకి మొక్కుకుంది. తగ్గింది. మే నెలలో తిరుమల వెళ్ళాం. నడుము దాటిన జడ నాది. రోజూ పొద్దున్నే కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి అల్లడానికి అమ్మకి అరగంట పట్టేది. కళ్యాణకట్టలో నీళ్ళు చల్లి, జుట్టు తడిపి, బ్లేడు పెట్టాక ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. జడ ఒళ్ళో పడ్డప్పుడు దానికి అంత బరువుందని మొదటిసారి తెలిసింది. వెనక మెడ మీద గాలి తగిలితే ఒళ్ళు జలదరించింది. తల మీద గంధం పూసి అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. ఏడవలేదు. దేవుడికిచ్చినందుకు ఏడవకూడదని నాకు తెలుసు.

ఏడుపు తర్వాత వచ్చింది. ఆషాఢం రాకముందే మా చుట్టాల్లో ఒక పెళ్ళి. అప్పటికి వేలెడు కూడా పెరగలేదు జుట్టు. ఈ తలకి పట్టులంగా బాగోదని నేనే మొండికేసి, అన్నయ్య ప్యాంటూ చొక్కా వేసుకుని వెళ్ళాను. భోజనాల బంతిలో ఆడవాళ్ళ వరసలో కూర్చోబోతుంటే ఎవరో ఒకాయన భుజం పట్టుకుని, "బాబూ, నువ్వటెళ్ళి మగాళ్ళ బంతిలో కూర్చో నాన్నా" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. నేను మాత్రం విస్తరి ముందు కొయ్యబారిపోయి నిలబడ్డాను. 'నేను ఆడపిల్లని' అని నలుగురిలో చెప్పుకోవాల్సి రావడం ఎంత కష్టమో ఆ వయసులో ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అవతలి వరసలోంచి అమ్మమ్మ లేచొచ్చి, ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు నాకు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి గురించి చెప్పింది.

అమ్మమ్మ పుట్టిల్లు కూచిపూడికి దగ్గర పల్లెటూరు. పెళ్ళయిన కొత్తల్లో ఒక శివరాత్రికి పెట్రోమాక్స్ లైట్ల వెలుతురులో ఆయన భామాకలాపం చూసిందట. కూచిపూడిలో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవాళ్ళని, సత్యభామ అంటే ఆయనే అని అందరూ చెప్పుకునేవాళ్ళని చెప్పింది. ముందు తెర పట్టుకుంటారు. తెర వెనక గజ్జెల చప్పుడు. అంతలో తెర పైనుంచి ఒక పొడుగాటి జడ ఇవతలికి వచ్చి పడుతుంది. రాగిడి, చంద్రవంక, చివర కుచ్చులు, అన్నీ ఉన్న జడ. అది సవాలు. సభలో ఎవరైనా తన విద్యని ఓడించగలిగితే ఈ జడ కోసేసుకోవచ్చని.

"మనిషి ఇంకా కనపళ్ళేదు, జడొక్కటే. దానికే నా గుండె దడదడలాడింది. తెర తీశాక ఆవిడ నడిచొస్తుంటే నా పక్కనున్న మా వదిన, అది మగాడు అంటే నమ్మనే నమ్మలేదు. బాపట్ల నరసింహారావు గారు కట్టు కట్టినట్టు కట్టుకోవాలని మా అమ్మ వాళ్ళు అద్దంలో చూసుకునేవాళ్ళంట. ఆడవాళ్ళకి చీర కట్టు నేర్పిన మగాళ్ళే వాళ్ళు."

నరసింహారావు గారంటే స్థానం నరసింహారావు గారు. తెనాలి నాటక సమాజంలో ఆడవేషాలకి పేరు మోసిన నటుడు, తర్వాత పద్మశ్రీ వచ్చింది. అది నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ రాత్రి గుర్తున్నది మాత్రం అమ్మమ్మ ఇటు తిరిగి నా గరుకు తల నిమురుతూ అన్న మాట.

"మగాడు జడ పెట్టుకుని సత్యభామ అయ్యాడు. జడ తీసేస్తే నువ్వు ఆడపిల్లవి కాకుండా పోతావా ఏంటే?"

మాట విన్నాను, ఊరట మాత్రం కలగలేదు. జుట్టు భుజాల మీదికి వచ్చేదాకా ఫొటో అంటే అన్నయ్య వెనక దాక్కునేదాన్ని. ఆ ఏడాది ఒక్క ఫొటోలో కూడా నా ముఖం పూర్తిగా లేదు.

ఏడేళ్ళ తర్వాత హాస్టల్ రూములో, ముగ్గురం ఒకే మంచం మీద ఇరుక్కుని కూర్చుని మొదటి ఎపిసోడ్ చూస్తున్నాం. హరుహి జుట్టు ఎందుకలా ఉందో అక్కడ చెబుతారు. వాళ్ళ వీధిలో ఒక పిల్లాడు జుట్టుకి చూయింగ్ గమ్ అంటించాడు, అది తియ్యడం కుదరక పొడుగాటి జుట్టు కోసేసుకుంది. కాంటాక్ట్ లెన్స్ పోయింది, కళ్ళజోడు పెట్టుకుంది. ఆ బడి యూనిఫాం కొనే స్తోమత లేక ఉన్న ప్యాంటూ స్వెటరూ వేసుకుని వచ్చింది. అందరూ అబ్బాయి అనుకున్నారు. ఆ పిల్ల కాదనలేదు, ఔననలేదు. బాకీ తీర్చుకోవడానికి అలాగే సులువు అనిపిస్తే అలాగే ఉండిపోయింది. చివర్లో తమాకికి నిజం తెలిసి నోట మాట రాక నిలబడితే, తను మామూలుగా, మీరు ఆడ అనుకున్నా మగ అనుకున్నా నాకు పెద్దగా పట్టింపు లేదు, మనిషికి లోపల ఉండేది ముఖ్యం కదా అన్నట్టు చెబుతుంది.

నేను వీడియో ఆపి, వెనక్కి తిప్పి, ఆ ముక్క మళ్ళీ పెట్టాను. రూమ్మేట్లు "ఏమైందే" అన్నారు. ఏమీ లేదన్నాను. కళ్ళు తుడుచుకోవడం వాళ్ళు చూశారనే అనుకుంటాను. ఇద్దరూ మాట్లాడలేదు.

నాకు ఏడుపు వచ్చింది ఆ మాట గొప్పదై కాదు, అది ఇంచుమించు అమ్మమ్మ చెప్పిన మాటే. ఆ పిల్ల దాన్ని ఎంత తేలిగ్గా అందో, అందుకు. గొంతు పెంచలేదు, బాధపడలేదు, ఎవరినీ ఒప్పించాలని చూడలేదు. తడి చొక్కా మార్చుకుంటూ, రేపటి హోంవర్క్ గురించి చెప్పినంత మామూలుగా అంది. పన్నెండేళ్ళప్పుడు ఆ బంతిలో నాకు కావలసింది ఆ తేలికే.

ఆ ఎపిసోడ్‌లోనే ఇంకోటి ఉంది. హరుహి బ్యాగుని ఒకమ్మాయి అసూయతో కొలనులోకి విసిరేస్తుంది. వారం రోజుల తిండి డబ్బులున్న పర్సు నీళ్ళలో పడిపోతుంది. హరుహి దాని కోసం నీళ్ళలో దిగి వెతుకుతుంటే తమాకి వచ్చి చూస్తాడు. అంత రాజకుమారుడి వేషాల పిల్లాడు, ఖరీదైన బట్టలతో, మారు మాట్లాడకుండా తనూ దిగుతాడు. అరుగు మీద ఆ సీన్ చూసినప్పుడే అమ్మమ్మ తీర్పు చెప్పేసింది.

"నీళ్ళలోకి దిగాడే! ఈ పిల్లాడు మంచోడు. కాస్త వెర్రిబాగులోడు, అంతే."

ఆ రోజు నుంచి తమాకిని తప్పుపడితే ఒప్పుకునేది కాదు. వాడు హరుహిని "మా అమ్మాయి" అంటూ తనకి తాను తండ్రి స్థానం ఇచ్చేసుకుంటాడు. ప్రేమ అని తెలియక దానికి ఆ పేరు పెట్టుకుని తిరుగుతుంటాడు. అదంతా అమ్మమ్మకి రెండో రోజే అర్థమైపోయింది. "పిచ్చి సన్నాసి, వీడికి ఎప్పుడు తెలుస్తుందే?" అని ప్రతి ఎపిసోడ్ చివర్లో అడిగేది.

కాఫీ సీన్‌కి కూడా బాగా నవ్వింది. హరుహిని బజారుకి పంపితే ఇన్‌స్టంట్ కాఫీ సీసా తెస్తుంది. ఆ డబ్బున్న పిల్లలు వేడినీళ్ళు పోస్తే కాఫీ అయిపోవడం ఎన్నడూ చూడలేదు. వింత చూసినట్టు చుట్టూ మూగుతారు. "డికాషన్ దిగేదాకా ఆగలేని వాళ్ళ కోసం పుట్టిందే అది, పాపం వాళ్ళకేం తెలుసు" అంది. పైకొవ్వు ఉండే ఖరీదైన ట్యూనా చేప ముక్క ఒక్కసారైనా తినాలని హరుహి ఆశపడుతుంటే, "మనకి పులస ఉన్నట్టు" అని వెంటనే అందుకుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊళ్ళ వైపు మనిషికి ఆ పిల్ల ఆశ వివరించాల్సిన పని నాకు లేకపోయింది.

నేను భయపడింది హరుహి వాళ్ళ నాన్న వచ్చినప్పుడు. తల్లి లాయరు, హరుహి చిన్నప్పుడే చనిపోయింది. తండ్రి ఆడవేషంలో ఒక బార్‌లో పని చేస్తాడు, అక్కడ ఆయన పేరు రాన్‌కా. పొడుగు జుట్టు, లిప్‌స్టిక్, గౌను. అమ్మమ్మ ఏమంటుందో అని అనువాదం నెమ్మదిగా చేశాను. తను ఆయన్ని చాలాసేపు చూసి, "ఆ పిల్లకి వంటా వార్పూ అన్నీ ఈయనే నేర్పినట్టున్నాడు" అంది. అంతే, అక్కడితో అయిపోయింది. నేను అనవసరంగా భయపడ్డానని, అమ్మమ్మ చూసినంత ప్రపంచం నేను చూడలేదని అప్పుడు అర్థమైంది.

అనువాదం చెయ్యడంలో నాకు ఇంకో సంగతి తట్టింది. జపనీస్‌లో 'నేను' అనడానికి చాలా మాటలున్నాయి. అబ్బాయిలు ఎక్కువగా వాడేవి వేరు, అమ్మాయిలు వాడేవి వేరు. హరుహి ఎక్కువగా 'జిబున్' అంటుంది, అది అటూ ఇటూ కాని మాట. మొదటి ఎపిసోడ్ చివర్లో అయితే, ఇకమీదట మగపిల్లల్లా 'ఒరె' అని చెప్పుకుంటానేమో అంటుంది, తమాకి లబలబలాడతాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ తమాషా సగం పోతుంది. తెలుగులో నాకు ఆ ఇబ్బంది రాలేదు. నేను వచ్చాను, నేను తిన్నాను, నేను వెళ్తాను. మన 'నేను'కి ఆడా మగా లేదు. హరుహి తన గురించి తాను చెప్పుకున్నంతసేపూ తెలుగులో ఏ దాపరికమూ అక్కర్లేదు. పక్కవాళ్ళు తన గురించి చెప్పినప్పుడే చిక్కు. వచ్చాడా, వచ్చిందా? అమ్మమ్మకి చెప్పేటప్పుడు క్లబ్ పిల్లల మాటలకి 'వచ్చింది' అని, మిగతా బడి పిల్లల మాటలకి 'వచ్చాడు' అని వాడేదాన్ని. ఎవరికి నిజం తెలుసో ఎవరికి తెలియదో ఆ ఒక్క క్రియతోనే తెలిసిపోయేది.

నాన్న నన్ను ఇప్పటికీ "ఏరా" అంటారు. గుండు చేయించిన ఏడాది కాదు, పుట్టినప్పటి నుంచీ. మన ఇళ్ళల్లో కూతుళ్ళని ముద్దుగా అలాగే పిలుస్తారు. ఆ ఏడాది మాత్రం ఆ పిలుపుకి ఉలిక్కిపడేదాన్ని. నాన్న అది గమనించి కొన్నాళ్ళు "అమ్మా" అని పిలిచారు. ఎందుకు మార్చారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అన్నీ నచ్చాయని చెప్పను. సముద్రపు ఒడ్డు ఎపిసోడ్ ఒకటుంది. తాగిన కుర్రాళ్ళు కొందరు అమ్మాయిల్ని ఏడిపిస్తుంటే హరుహి ఒక్కతే అడ్డం వెళ్తుంది, వాళ్ళు తనని బండ మీంచి నీళ్ళలోకి తోసేస్తారు. కాపాడాక క్లబ్ పిల్లలంతా కోప్పడతారు, నువ్వు ఆడపిల్లవన్న సంగతి మర్చిపోతే ఎలా అని. నాకు ఒళ్ళు మండింది. అక్కడ ఎవరున్నా ఆగి అడిగేవాళ్ళుండాలి కదా, ఆడేంటి మగేంటి? ఇప్పటికీ నాది అదే మాట. ఒక్కతే వెళ్ళింది, ఇంకెవరినైనా పిలవాల్సింది, మమ్మల్ని ఇంత కంగారు పెట్టావు అంటే ఒప్పుకుంటాను. ఆఖరికి హరుహి కూడా మీకు కంగారు కలిగించినందుకే అన్నట్టు సారీ చెబుతుంది. అమ్మమ్మ మాత్రం అప్పుడు వచ్చిన ఉరుములకి హరుహి బీరువాలో దాక్కోవడం, తమాకి వచ్చి ఆ చప్పుడు వినపడకుండా చెయ్యడం చూసి మిగతాదంతా మర్చిపోయింది.

అన్నిటికన్నా ఇష్టమైనది లొబీలియా ఎపిసోడ్. లొబీలియా అనేది ఆడపిల్లల బడి. అక్కడి ముగ్గురమ్మాయిలు మగపాత్రల వైభవంతో వచ్చి హరుహిని తమ బడికి తీసుకుపోతామంటారు. జపాన్‌లో తకరాజుకా అనే ఊళ్ళో అచ్చంగా ఆడవాళ్ళే నటించే నాటక సంస్థ ఉంది, 1914 నుంచి ప్రదర్శనలిస్తోంది. మగపాత్రలు కూడా ఆడవాళ్ళే వేస్తారు, వాళ్ళకి ఆడవాళ్ళలోనే వేలంవెర్రి అభిమానులు. లొబీలియా అమ్మాయిల పాత్రలు దాన్ని చూసి పుట్టినవే. మాంగాకి పెద్దదిక్కు అనిపించుకున్న ఒసాము తెజుకా పెరిగింది ఆ తకరాజుకాలోనే. రాకుమారుడిగా పెరిగే రాకుమార్తె కథని ఆయన 1953లోనే గీశాడు. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పట్లో అమ్మమ్మకి చెప్పింది ఇంతే, "అక్కడ మీ సత్యనారాయణ శర్మ గారికి తిరగేసి, ఆడవాళ్ళు మగవేషాలు కడతారు." ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మీసాలు పెట్టుకుంటారా?" అని అడిగింది. హరుహిని ఆ బడికి పోనివ్వకుండా ఆపడానికి తమాకి వాళ్ళంతా గౌన్లు వేసుకుని, పెదాలకి రంగు పూసుకుని వస్తారు. హరుహి కడుపు పట్టుకుని నవ్వుతుంది. అరుగు మీద మేమిద్దరం కూడా అలాగే నవ్వాం. అమ్మమ్మ చేటలో చిక్కుడుకాయలన్నీ కింద పడ్డాయి.

ఈ బాపతు కథలు తర్వాత చాలా చదివాను. హిసాయా నకాజో గీసిన హనా-కిమి అన్నిటికన్నా పేరున్నది. 1996లో మొదలై 23 సంపుటాలు వచ్చింది. అందులో మిజుకి అనే అమ్మాయి తనకిష్టమైన హైజంప్ ఆటగాడి కోసం మగపిల్లల బడిలో మగపిల్లాడిలా చేరుతుంది. 2023లో నకాజో గారు యాభై ఏళ్ళకే పోయారని చదివి బాధపడ్డాను. కథ హాయిగా ఉంటుంది. కానీ మిజుకి ప్రతి పేజీలోనూ ఎక్కడ బయటపడతానో అని భయపడుతూ ఉంటుంది. ఆ భయం నాకు బాగా తెలుసు కాబట్టి, ఆ భయమే లేని హరుహి దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళాను.

సెలవుల ఆఖరి రోజు 26వ ఎపిసోడ్ అయింది. విందు, బాణసంచా, నాట్యం. అప్పటికి మాంగా ఇంకా నడుస్తోంది, అందుకని యానిమే వాళ్ళు తమ సొంత ముగింపు పెట్టుకున్నారు. తమాకి, హరుహి చేతులు పట్టుకుని నాట్యం చేస్తారు కానీ తమాకి మనసు విప్పి చెప్పేది ఏదీ ఉండదు. అమ్మమ్మ నా వంక చూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"తెలియకుండానే?"

"పుస్తకంలో ఇంకా ఉందంట అమ్మమ్మా. ఇంకా రాస్తున్నారు."

"రాసి అయ్యాక చెప్పు."

అప్పట్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆఖర్న ఒక ప్రశ్న ఖాయం. తిన్నావా, జుట్టుకి నూనె రాస్తున్నావా, ఉద్యోగం సంగతేంటి, అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "ఆ పిల్లాడికి తెలిసిందా?" పక్కన మా మామయ్య వాళ్ళుంటే ఎవరి పిల్లాడని తిప్పలు పడేవాళ్ళు. అమ్మమ్మ చెప్పేది కాదు.

బెంగళూరులో ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో ఇంగ్లీషులో వచ్చిన మొదటి సంపుటం కొన్నాను. కుడి నుంచి ఎడమకి చదవాలి. తెలియక వెనక అట్ట తీస్తే, తప్పు వైపు నుంచి మొదలుపెట్టావు అని ఒక పేజీ ఆపింది. బస్‌లో వెళ్తూ నేర్చుకున్నాను. పేజీల అంచుల్లో, చివర్లో హతోరి గారు తన గురించి రాసుకునే చిన్న చిన్న ముచ్చట్లుంటాయి. అవి చదువుతుంటే ఆవిడ బల్ల పక్కన కూర్చుని వింటున్నట్టుండేది. నెలకొకటి చొప్పున, ఖర్చులు చూసుకుంటూ కొన్నాను. యానిమేలో పైపైన కనిపించిన తమాకి అక్కడ పూర్తిగా ఉన్నాడు. ఫ్రాన్స్‌లో తల్లిని వదిలి రావలసి వచ్చిన పిల్లాడు, నానమ్మ ఆదరణ కోసం ఎదురుచూసే పిల్లాడు. అంత ఆర్భాటంగా నవ్వించేవాడి వెనక అంత ఒంటరితనం ఉంటుందని మొదటి చూపులో అనిపించదు. వాడు క్లబ్‌లో అందరినీ అమ్మానాన్నా పిల్లలంటూ ఒక కుటుంబంగా ఎందుకు కట్టుకున్నాడో తెలిసిన చోట చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఆఖరిది, 18వ సంపుటం, 2012లో చేతికొచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని చదివేశాను. చదివిన వెంటనే ఫోన్ చెయ్యలేదు. ఊరెళ్ళి, అరుగు మీద కూర్చుని, బొమ్మలు చూపిస్తూ చెప్పాలని దాచుకున్నాను. సెలవు దొరకలేదు, దసరా వెళ్ళిపోయింది, దీపావళి వెళ్ళిపోయింది.

ఆ నవంబరులో ఒకరోజు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పోయారన్న వార్త చూశాను. ఆ సాయంత్రం అమ్మమ్మకి ఫోన్ చేశాను. అప్పటికే టీవీలో చూసిందట. గొంతు బాగా తగ్గిపోయి ఉంది. శివరాత్రి, పెట్రోమాక్స్ లైట్లు, నమ్మని వదిన, అన్నీ మళ్ళీ చెప్పింది. నేను కొత్తగా విన్నట్టు విన్నాను. ఈసారి అంతకుముందు ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటి చెప్పింది. ఆట అయ్యాక తెల్లవారుజామున ఇంటికి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే, ఆయన దీపం దగ్గర కూర్చుని జడ విప్పుతున్నాడట. రాగిడి తీసి పక్కన పెట్టి, చంద్రవంక తీసి పక్కన పెట్టి, సవరం ఊడదీసి, మెల్లగా చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడట. "ముఖాన రంగు అలాగే ఉంది. జడ లేదు. అయినా భామలాగే ఉన్నాడే" అంది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత మామూలుగా గొంతు తగ్గించింది.

"అవునూ, ఆ పిల్లాడికి తెలిసిందా?"

దాచుకున్న ముచ్చట ఇక దాచలేకపోయాను.

"తెలిసింది అమ్మమ్మా. చెప్పేశాడు కూడా. ఆ పిల్లకీ ఇష్టమే."

"పెద్దవాళ్ళు ఒప్పుకున్నారా?"

"వాళ్ళ నానమ్మ మెత్తబడింది. వాళ్ళమ్మని కూడా కలుసుకున్నాడు. హరుహికి అమెరికాలో బోస్టన్‌లో చదువుకోవడానికి అవకాశం వస్తే తనూ వెళ్ళాడు."

"ఇద్దరే?"

"లేదు, క్లబ్ వాళ్ళంతా వెళ్ళారు."

అవతల నవ్వు వినిపించింది, అరుగు మీద చిక్కుడుకాయలు దొర్లిన రోజు నవ్విన నవ్వు.

"అందరూనా! ఆ కుందేలు బొమ్మ పిల్లాడు కూడానా?"

"ఆ పిల్లాడు కూడా."

"సరే అయితే, పండక్కి వచ్చినప్పుడు ఆ పుస్తకం పట్టుకురా. కళ్ళజోడు మార్పించుకుంటాను."